రంగత్‌లో అడగని సలహాలు

2023 జనవరిలో ఒక సాయంకాలం, భుజాన సంచీ, చేతిలో గోనెగుడ్డ చుట్టిన గోల్ఫ్ కర్ర పట్టుకుని నేను రంగత్ బజారులో బస్సు దిగాను. అయిదుంబావుకే సూర్యుడు అస్తమించే రోజులవి. నేల మీద కాలు మోపి అర నిమిషమైనా కాకముందే, టీ దుకాణం ఎదుట నిలుచున్న ఒక పెద్దమనిషి నా కర్రను నిదానంగా పరికించి, "దీదీ, పాములకైతే వెదురు కర్ర మేలు. ఇది బరువెక్కువ," అని హిందీలో సెలవిచ్చారు. మధ్య అండమాన్‌లో నేను అందుకున్న మొదటి ఉచిత సలహా అది. ఆ తరువాతి ఎనిమిది రోజులలో అందుకున్నవాటికి లెక్కలేదు.

కర్ర సంగతి కొంత చెప్పాలి. నేను అనువాదకురాలిని. పి.జి. ఉడ్‌హౌస్ గోల్ఫ్ కథలను తెలుగు చేయడానికి పూనుకుని, కొన్ని మాటల దగ్గర చతికిలబడ్డాను. క్రికెట్ మాటలు తెలుగులో ఎన్నడో కలిసిపోయాయి. గోల్ఫ్ మాటలకు ఆ భాగ్యం పట్టలేదు. కర్ర వెనక్కి ఎత్తి ముందుకు విసిరే ఆ ఒకే ఒక్క కదలికను ఇంగ్లీషువారు నాలుగైదు పేర్లతో ముక్కలు చేశారు. బంతిని తాకిన తరువాత కూడా చేతులు ఆగక ముందుకు సాగడాన్ని 'ఫాలో త్రూ' అంటారు. దానికి నేను రాసిన తెలుగు మాటలన్నీ నాకే నవ్వు తెప్పించాయి. విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ మైదానానికి వెళ్ళి ఆడే మా బావగారు ఇది విని, "ముందు నువ్వు కొట్టి చూడు, మాట దానంతటదే వస్తుంది," అంటూ పాత ఇనుప కర్ర ఒకటి, బంతులు మూడు చేతిలో పెట్టారు. ఆలోచిస్తే అదీ అడగని సలహాయే.

రంగత్‌నే ఎన్నుకోవడానికి కారణం చిన్నపిల్లల కారణం వంటిది. 1922లో వెలువడిన ఉడ్‌హౌస్ గోల్ఫ్ కథల సంపుటి పేరు 'ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్'. రంగత్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరం పేరు కత్‌బర్ట్ బే. ఈ రెండు కత్‌బర్ట్‌లకు ఏ సంబంధమూ లేదు. అయినా పటంలో ఆ పేరు కనిపించగానే అక్కడికి వెళ్ళి పని పూర్తిచేయాలని బుద్ధి పుట్టింది.

ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కు రోడ్డు మార్గం సుమారు 170 కిలోమీటర్లు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ బారుగా ఆగి, పోలీసు కాపలాతో జారవాల రిజర్వు ప్రాంతం గుండా సాగిపోతాయి. అక్కడ ఆగరాదు, ఫొటోలు తీయరాదు. ఆ పిమ్మట మిడిల్ స్ట్రెయిట్ వద్ద బస్సుతో సహా మనలను పడవ మీద దాటించారు. రంగత్ చేరేసరికి అరణ్యం వెనుకబడి పోకతోటలు, కొబ్బరిచెట్లు, వరిచేలు ఎదురవుతాయి. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ఈ ద్వీపంలో అడవి కొట్టి భూములిచ్చారు. వారితోపాటు రాంచీ ప్రాంతపు కూలీల సంతతి, తమిళులు, మలయాళీలు, తెలుగువారు. అందరినీ కలిపే భాష హిందీ. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకరినొకరు చూసి బ్రతకడం నేర్చుకున్న ఊరిలో, తెలిసినది చెప్పకుండా ఊరుకోవడం బహుశా మర్యాద అనిపించుకోదు.

రంగత్‌లో గోల్ఫ్ మైదానం లేదు. రంగత్ బే జెట్టీ వైపు, మడచెట్ల మధ్య నుంచి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, పశువులు మేసే ఖాళీ స్థలం దొరికింది. రోజూ ఉదయం ఆరింటికి అక్కడికి చేరేదాన్ని. మొదటిరోజు నలుగురు చూశారు. మూడవ రోజుకు అదొక నియత కార్యక్రమమైంది.

బడికి వెళ్ళే కుర్రాళ్ళు క్రికెట్ శాస్త్రం ప్రకారం ఎడమ మోచేయి ఎత్తమన్నారు. తోటలో కత్తి ఆడించే ఒక మేస్త్రీ కర్రను మరీ గట్టిగా పట్టుకున్నానని కోప్పడ్డాడు. పాలక్యాన్ సైకిలుకు తగిలించుకున్న బెంగాలీ బాబుగారు సైకిలు దిగకుండానే, "తల ఎత్తకండి, తల!" అని అరిచి వెళ్ళిపోయేవారు. ఆయన గోల్ఫ్ ఎన్నడూ చూసి ఉండరు. కాని ప్రపంచంలోని గోల్ఫ్ గురువులందరూ మొట్టమొదట చెప్పే మాట అదే! చిత్రమేమంటే పోటీ జరుగుతున్నప్పుడు ఇతర ఆటగానికి సలహా ఇవ్వడం గోల్ఫ్‌లో నేరం. ఇప్పటి నియమావళిలో పదవ నియమం అది. స్ట్రోక్ పోటీలో అయితే రెండు దెబ్బల శిక్ష పడుతుంది. సాధనకు మాత్రం ఆ రక్షణ లేదు.

స్త్రీని కావడం వల్ల నా వాటా కొంత పెరిగిందనే అనుకుంటాను. అదే కర్రతో మా బావగారు నిలుచుని ఉంటే సగం మంది ఊరికే చూసి వెళ్ళిపోయేవారు. విసుగు పుట్టి, నాలుగవ రోజుకు ఒక ఉపాయం సాధించాను. ఎవరేమన్నా చిరునవ్వు నవ్వడం, "అచ్ఛా" అనడం, చెవిన పెట్టకపోవడం. ప్రచురణకర్తలతో, బంధువులతో ఇరవై ఏళ్ళ అనుభవం ఇందుకు అక్కరకు వచ్చింది.

అయిదవ రోజు కత్‌బర్ట్ బేకు వెళ్ళాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అటవీశాఖవారు గుడ్లు సేకరించి కంచె కట్టిన చోట తిరిగి పూడ్చి, పిల్లలు వెలువడే వరకు కాపలా కాస్తారు. అలవాటుగా కర్ర వెంట తెచ్చాను. కాపలా ఉద్యోగి దాన్ని చూసి, "ఇసుక మీద దాన్ని ఆడించకండి మేడమ్, కింద గుడ్లుండవచ్చు. రాత్రి వస్తే టార్చి వెలిగించకండి," అన్నాడు. నేను యథాప్రకారం నవ్వి "అచ్ఛా" అన్నాను. అతడు కదలలేదు. నేను కర్రకు గోనెగుడ్డ చుట్టేవరకు చూస్తూనే ఉన్నాడు.

మరునాటి ఉదయం జరిగినది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. రెండవ బంతి కుడివైపుకు వంకరపోయి పాయ ఒడ్డున పడింది. పోటు తీసి, బురదలో మడచెట్ల శ్వాసవేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి. వాటి నడుమ తెల్లగా బంతి. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దిగబోయాను. వెనుక నుంచి ఎవరో కేకవేస్తున్నారు. అడుగు ఎలా వేయాలో చెబుతున్నారు కాబోలనుకుని, వెనుదిరగకుండానే చేయి ఊపి "అచ్ఛా, అచ్ఛా" అన్నాను. కేక ఈసారి తెలుగులో వినిపించింది.

"ఓలమ్మా! అటెల్లకే తల్లీ, మొసలి!"

ఆగిపోయాను. వల భుజాన వేసుకున్న ఒక ముసలి మత్స్యకారుడు రొప్పుతూ వచ్చి, నా మోచేయి పట్టి నాలుగడుగులు వెనక్కి లాగాడు. తరువాత వేలు చాచి చూపించాడు. బంతికి పదడుగుల దూరంలో బురద మీద నున్నగా జారిన వెడల్పాటి గాడి, దానికి అటూ ఇటూ గోళ్ళ గుర్తులు. నీటిలోకి వెళ్ళినట్టు ఉంది గాని, పైకి వచ్చినట్టు లేదు. కిందటి నెలలో ఆ ఒడ్డునే కుక్కను ఈడ్చుకుపోయిందట. ఉప్పునీటి మొసళ్ళు ఈ దీవులలో కొత్త కాదు. 2010లో హేవ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలో ఈదుతున్న ఒక విదేశీ యువతి మొసలి వాత పడి మరణించింది. అది చదివే వచ్చాను. నా మోకాళ్ళలో వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఇందాకట్నించి అరుస్తన్నాను. నవ్వేసి ఎల్లిపోతావేటమ్మా?" అన్నాడు తాత. నా దగ్గర జవాబు లేదు.

ఆయనది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె. పెళ్ళికాకముందే విశాఖలో ఓడ ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అండమాన్ తెలుగువారిలో అనేకుల కథ ఇదే. మిగిలిన ఒకే ఒక్క బంతిని నా చేతిలో చూసి ఆయన కూడా సలహా మొదలుపెట్టాడు. నేను ఆపలేదు. పైగా ఆ ఊరు వచ్చాక మొదటిసారి, "ఎలా విసరాలి తాతా?" అని నేనే అడిగాను. ఆయన కర్ర ముట్టుకోలేదు. విసురు వల మడతలు సర్ది, నడుము తిప్పి, పాయ మీదికి విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీటిమీద పడేవరకు ఆయన చేతులు దాని వెనుకే గాలిలో నిలిచి ఉన్నాయి.

"సెయ్యి వల ఎనకాలే ఎల్లాల. మజ్జిలో లాగేసుకుంటే ముద్దైపోద్ది."

ఆ పూట కాగితం మీద 'ఫాలో త్రూ' కొట్టివేసి 'చేయి వెంట వెళ్ళడం' అని రాసుకున్నాను. మూడవ బంతిని ఆ తరువాత బయటికి తీయనే లేదు.

తిరుగు ప్రయాణానికి తెల్లవారకముందే బస్సు ఎక్కాను. కండక్టరు గోనెగుడ్డ చుట్టిన కర్రను చూసి, పైన పెడితే జారి ఎవరి తలమీదనైనా పడుతుందని, సీటు కింద అడ్డంగా కాక నిలువుగా పెట్టమని చెప్పాడు. అతడు చెప్పినట్టే పెట్టాను. దారిలో రెండుసార్లు వంగి చూసుకున్నాను, కదలలేదు.