నల్లగా పుట్టి తెల్లబడే గుర్రం

తెల్ల గుర్రానికి నల్ల పిల్ల పుడితే మన ఊళ్లో వింతగా చెప్పుకుంటారు. ఫ్రాన్స్‌లోని కమార్గ్‌లో మాత్రం ఎవరూ తల తిప్పి కూడా చూడరు. అక్కడ గుర్రప్పిల్లలన్నీ పుట్టేది నలుపులోనో ముదురు గోధుమరంగులోనో! నాలుగైదేళ్లు వచ్చేసరికి మెల్లగా తెల్లబడతాయి. అదీ వెంట్రుకే, కింద చర్మం నలుపే.

ఆర్ల్ పట్టణం దగ్గర రోన్ నది రెండుగా చీలి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య నేలే కమార్గ్. కోనసీమవాళ్లకి ఇట్టే అర్థమయ్యే భూగోళం. కాకపోతే కొబ్బరిచెట్ల బదులు రెల్లు, ఉప్పుమడులు, బురద చెరువులు, వాటిలో ఫ్లెమింగోలు. వరిచేలు కూడా ఉన్నాయండోయ్!

ఈ గుర్రాలకి శాలలంటూ పెద్దగా ఉండవు. ఎండాకాలం దోమలు, చలికాలం కోతపెట్టే మిస్ట్రాల్ గాలి... అన్నిటికీ ఆరుబయటే. రెల్లూ ఉప్పునేల మొక్కలూ మేసి బతికేస్తాయి. ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లే. గిట్టలు వెడల్పుగా, గట్టిగా ఉంటాయి కాబట్టి చాలావాటికి లాడాలతో పనిలేదు.

ఒకప్పుడు ధాన్యం నూర్చడానికీ వీటినే తిప్పేవారు. యంత్రాలొచ్చి ఆ పని పోయింది. మిగిలింది ఎద్దుల పని. ‘గార్డియాన్’లనే కాపర్లు వీటిమీదే ఎక్కి నల్ల ఎద్దుల మందల్ని అదిలిస్తారు. పందేలరోజున గుర్రాలు చుట్టూ దడికట్టి వీధుల్లోంచి ఎద్దుల్ని బరికి తోలుకొస్తాయి. బరిలో ఎద్దుని చంపరు. కొమ్ములకు కట్టిన పీలికలూ దారపు ఉండలూ లాగాలి, అంతే. చిత్తూరు జిల్లా పశువుల పండగలో పలకలు లాగినట్టే! ఆట ముగిశాక ఎద్దు మళ్లీ మందలోకే. గోడమీద పోస్టరులో ఆటగాడికంటే ఎద్దు పేరే పెద్దక్షరాల్లో వేస్తారు. గుర్రం పేరు ఎక్కడా కనపడదు పాపం.

1953లో ఆల్బెర్ లామోరిస్ తీసిన ‘క్రాఁ బ్లాఁ’ అనే చిన్న సినిమాతో ఈ గుర్రం లోకానికి తెలిసింది. 1978లో జాతి పుస్తకం మొదలైంది.

ఇప్పుడు బెంగంతా మేతనేల గురించే. పంతొమ్మిదో శతాబ్దంలో నదికీ సముద్రానికీ గట్లు కట్టారు. వరద ఆగింది, దాంతోపాటు కొత్త ఒండ్రూ ఆగింది. సముద్రమేమో పైకొస్తోంది. నదిలో నీరు తగ్గిన ఏడాది ఉప్పు మరింత లోపలికి పాకుతుంది. రెల్లు ఉన్నచోట క్రమంగా ఉప్పుమొక్కలే మిగులుతాయి. గుర్రం వాటినీ కొరుకుతుంది. కడుపు నిండాలంటే మాత్రం ఇంకా దూరం నడవాలి. మందకున్న నేలేమో అంతే.