నాలుగడుగుల చెక్క మీద నౌపడ రైలు

"ఏటి బాబూ, మళ్లీ చిన్నరైలు ఏస్తారా ఏటి?"

నౌపడ జంక్షన్ ప్లాట్‌ఫాం మీద టేపు పెట్టి సిమెంటు బెంచీ ఎత్తు కొలుస్తుంటే వెనకనుంచి వినిపించింది. తిరిగి చూస్తే తలపాగా చుట్టుకున్న పెద్దాయన. పక్కన కూరగాయల గంప. చేతిలో టేపు, చంకలో నోట్‌బుక్కు చూసి నన్ను రైల్వే సర్వేయరు అనుకున్నట్టున్నాడు.

"వేస్తున్నా బాబాయ్. కానీ ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో మా ఇంట్లో" అన్నా.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎంత ఇల్లేటి బాబూ నీది?"

రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో రైలుకు దొరికిన జాగా నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్క. ఆ చెక్క మీద ఏం పెట్టాలో తేల్చుకోవడానికే జనవరిలో విశాఖ నుంచి గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కి ఇంతదూరం వచ్చా.

అమ్మ అడిగిన ప్రయాణం

మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం. నా చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్లాలంటే పెద్దరైల్లో నౌపడలో దిగి, అక్కడ చిన్నరైలు ఎక్కాలి. బొగ్గు నలుసులు కళ్లలో పడకుండా అమ్మ కొంగుతో నా ముఖం కప్పేది. నేనేమో కొంగు తప్పించుకుని కిటికీలోంచి తల బయటికి పెట్టేవాణ్ని.

ఆ లైను ఎత్తేస్తారని తెలిసినప్పుడు అమ్మ ఒక్కటే అడిగింది. "ఒక్కసారి తీసుకెళ్లరా, ఆ రైలెక్కి వద్దాం" అని. అప్పుడు నాకు సెలవు దొరకలేదు. దొరకలేదు అనడం కూడా పూర్తి నిజం కాదు, గట్టిగా అడగలేదు. వచ్చే పండక్కి చూద్దాంలే అన్నా. 2004లో లైను మూసేశారు.

ఇప్పుడు అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక గది నుంచి హాలు దాకా నడవడమే ఓ ప్రయాణం. రైలు దగ్గరికి అమ్మను తీసుకెళ్లలేను కాబట్టి, రైలునే అమ్మ దగ్గరికి తేవాలనుకున్నా.

మోడల్ రైళ్ల పిచ్చి నాకు పాతదే. ఏడెనిమిదేళ్ల కిందట ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ తెచ్చి, రెండు లైన్లు, సొరంగం, కొండ, పెద్ద యార్డు అంటూ మొదలుపెట్టా. సగం పట్టాలు వేసేసరికి హాల్లో నడవడానికి దారి లేదు. వైరింగ్ ఎక్కడ తెగిందో తెలిసేది కాదు. చివరికి ఆ చెక్క మీద బట్టలు ఇస్త్రీ చేశాం. అందుకే ఈసారి ఒక్కటే నియమం పెట్టుకున్నా. ఇద్దరు మనుషులు ఎత్తి మంచం కింద పెట్టగలిగినంతే ఉండాలి.

రెండున్నర అడుగుల పట్టాలు

ఈ లైను అసలు పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. పర్లాకిమిడి రాజావారు తన ఊరిని మద్రాసు–కలకత్తా పెద్దలైనుతో కలపాలని వేయించింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, సుమారు 40 కిలోమీటర్లు తెరిచారు. 1931 నాటికి గుణుపూర్ చేరి మొత్తం 90 కిలోమీటర్లయింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్దలైనుకు అది 1,676. లైను తెరిచేనాటికి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే ఉన్నారు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసింది. అలా మన చిన్నరైలు రాష్ట్రం దాటి వెళ్లే రైలయింది.

ఇప్పుడు ఆ దారిలో బ్రాడ్‌గేజ్ రైలు వెళ్తోంది. నౌపడ దాటి టెక్కలి, టెంబూరు మీదుగా పాతపట్నం. దూరంగా మహేంద్రగిరి కొండల వరస, దగ్గరగా కోత అయిన వరిమళ్లు, గట్ల మీద తాటిచెట్లు. పాతపట్నంలో దిగి నీలమణి దుర్గమ్మకు దండం పెట్టుకున్నా. తాతగారి ఇల్లున్న చోట మేడ లేచింది. అవతల మహేంద్రతనయ నది. అది చూసినంతసేపూ అమ్మకు ఫోన్ పెట్టి చూపించా. "నీళ్లు తక్కువున్నాయేంట్రా" అంది, నేనే తోడేసినట్టు.

మర్నాడు నౌపడ దగ్గరే తిరిగా. స్టేషన్‌కు ఎడంగా, సముద్రం వైపు ఉప్పుమళ్లు. మడిలో నీళ్లు, ఒడ్డున తెల్లటి ఉప్పు కుప్పలు. ఇంకాస్త వెళ్తే తేలినీలాపురం. చలికాలంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకున్నా. ఉప్పుమళ్ల దగ్గర కిలో కల్లుప్పు కూడా కొన్నా. అది నన్ను ఎంత ఏడిపిస్తుందో అప్పటికి తెలియదు.

87తో భాగిస్తే

ఇంటికొచ్చి లెక్కలేశా. మోడల్ రైళ్లలో కొత్తవాళ్లు తికమకపడే మాటలు రెండున్నాయి. స్కేలు అంటే అసలు వస్తువును ఎన్ని వంతులు చిన్నది చేశామన్నది. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య ఎడం. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్.ఓ. స్కేలులో అన్నీ 87వ వంతు. దాని మామూలు పట్టా 16.5 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్నది ఎన్. 160వ వంతు, పట్టా 9 మిల్లీమీటర్లు.

మన పెద్దలైనును 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన వస్తుంది. బజార్లో దొరికే హెచ్.ఓ. పట్టా దానికి సరిపోదు. చాలామంది సర్దుకుపోతారు. మరి చిన్నరైలు 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే? 8.76. అంటే దాదాపు 9. ఎన్ స్కేలు వాళ్లు వాడే పట్టా తెచ్చి, దాని మీద 87వ వంతు బండి నడిపితే నౌపడ రైలు కొలత కుదిరినట్టే! యూరప్‌లో చిన్నరైళ్ల మోడళ్లు చేసేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. దాన్ని హెచ్.ఓ.ఇ. అంటారు. ఆ రాత్రి పదకొండింటికి కాలిక్యులేటర్ పట్టుకుని నేను పెట్టిన కేకకు మా ఆవిడ లేచి కూర్చుంది.

రెండో లాభం, చిన్న పట్టాలు ఇరుకు మలుపు తిరుగుతాయి. మధ్య నుంచి 9 అంగుళాల వంపు చాలు. అంటే 18 అంగుళాల వెడల్పులో రైలు గుండ్రంగా తిరిగొస్తుంది. రెండడుగుల చెక్క మీద అటూ ఇటూ మూడేసి అంగుళాలు మిగులుతాయి.

ఇక మూడో లెక్క కొంచెం చేదు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న 40 కిలోమీటర్లను 87తో భాగించినా 460 మీటర్లు కావాలి. నా నాలుగడుగుల చెక్కలో పట్టేది అసలు నేల మీద 106 మీటర్లే. టెక్కలి రాదు, పాతపట్నం రాదు, నది రాదు. ఏం పెట్టాలి అన్నదానికన్నా ఏం వదిలేయాలన్నదే మొదటి లేఅవుట్‌లో అసలు పని. పాతసారి నేను చెయ్యనిది అదే. ఈసారి పెద్దరైలు దిగి చిన్నరైలు ఎక్కే ఆ ప్లాట్‌ఫాం ఒక్కటే ఉంచుకున్నా. వెనకాల ఉప్పుమళ్లు, రెండు తాటిచెట్లు.

చెక్క, పట్టా, ఫెవికాల్

పని ఇలా సాగింది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వంగిపోకుండా కింద రెండంగుళాల చెక్కపట్టీలతో ఫ్రేము. పైన ఒక గుండ్రటి లైను, ఒకే ఒక్క పాయింటు, దాన్నుంచి ఉప్పు వ్యాగన్లు నిలపడానికి చిన్న సైడింగు. అంతే. మొదటిసారికి ఒక్క పాయింటు చాలని నా సలహా. బండి పట్టాలు తప్పేది ఎక్కువగా అక్కడే.

పట్టాలు అతికించకుండా సూదులతో గుచ్చి, ముందు కాగితం మీద గీసిన ప్లాను పైనే వారంరోజులు రైలు నడిపా. ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ పడుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టా. పడేచోట వేలితో తడిమితే అతుకు దగ్గర పట్టా చిన్నగా విరిగినట్టు తగులుతుంది. అలాంటిది చెట్లూ ఇళ్లూ పెట్టాక సరిచేయడం నరకం.

కరెంటు 12 వోల్టులే, పిల్లలు ముట్టుకున్నా భయం లేదు. కానీ ఒకేచోట వైరు ఇస్తే అవతలి వంపు దగ్గర బండి నీరసపడుతుంది. అందుకని ఎదురెదురుగా రెండుచోట్ల వైర్లు సోల్డరింగ్ చేశా. బండి నడక ఆగి ఆగి ఉంటే మోటారును తిట్టుకోకండి, ముందు పట్టాలు తుడవండి. మెత్తటి గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలావరకు దారికొస్తుంది.

ఇంజను రెడీగా నాకు దొరకలేదు. జపాన్ కాటో కంపెనీ చిన్న మోటారు చాసిస్ తెప్పించి, దాని మీద ప్లాస్టిక్ షీటు కత్తిరించి బాయిలరూ క్యాబూ కట్టా. చక్రాలు అసలు ఇంజనుకు సరిపోలవు. ఫరవాలేదు. పెట్టెలు అట్టతో చేసి ముదురు ఎరుపు పూశా.

ఎన్ పట్టాకు స్లీపర్లు మరీ చిన్నవి, మరీ దగ్గరగా ఉంటాయి. చూడగానే ఇది వేరే స్కేలుదని తెలిసిపోతుంది. దానికి మందు మట్టే. జల్లించిన సన్నటి ఇసుక పోసి స్లీపర్లు దాదాపు కప్పేశా. ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి డ్రాపర్‌తో వదిలితే ఇసుకలోకి ఇంకి రాయిలా పడుతుంది. సబ్బు చుక్క లేకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలబడుతుంది. వాడేసిన టీపొడి ఎండబెడితే నేల, రంగేసిన రంపపు పొట్టు గడ్డి. తీగకు దారం చుట్టి, కొనకు ఆకుపచ్చ కాగితం విసనకర్రలు అతికిస్తే తాటిచెట్టు.

నిజం ఉప్పు చేసిన పని

ఇక నౌపడ నుంచి తెచ్చిన ఉప్పు. ఆ ఊరి మోడల్‌కు ఆ ఊరి ఉప్పే ఉండాలని నా పట్టుదల. లేకపోతే ఏం తెచ్చినట్టు? పలుకులు పలుకులుగా పోస్తే ఒక్కోటీ ఆ స్కేలులో అడుగుపైన బండరాయిలా కనిపించింది. మిక్సీలో వేసి మెత్తగా చేసి, సైడింగు పక్కన మూడు కుప్పలు పోశా. ఎంత ముచ్చటగా ఉందో! ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపా.

జూలైలో ముసురు పట్టింది. నాలుగోరోజు చూస్తే కుప్పలు కుంగి, చుట్టూ నేల తడి. గాల్లో చెమ్మనంతా ఉప్పు పీల్చుకుంది. ఆ నీరు చెక్కలోకి దిగి, అక్కడే ఉన్న వైరు అతుకు ఆకుపచ్చగా పాచి పట్టింది. సైడింగులోకి వెళ్లిన ఇంజను మళ్లీ కదల్లేదు. మేకుల తలలు తుప్పు. ఆరు నెలల పని మీద ఆ మూల అరచేతంత మేర గోకి, కడిగి, ఆరబెట్టి, వైర్లు మార్చి మళ్లీ వేయాల్సొచ్చింది.

ఆ రెండు వారాలూ మనసు బాలేదు. పాత ఎనిమిదడుగుల చెక్కలాగే ఇదీ మూలన పడుతుందేమో అనిపించింది. అమ్మ మాత్రం రోజూ ఒకటే ప్రశ్న. "రైలు ఎప్పుడురా?" వచ్చే పండక్కి అనబోయి నాలుక కరుచుకున్నా.

చివరికి దారి చూపించింది మా ఆవిడ. "తెల్లగా ఉండాలి, అంతేకదా" అంటూ గుమ్మం దగ్గరి డబ్బా తెచ్చిచ్చింది. ముగ్గుపిండి! ఫెవికాల్ నీళ్లతో గట్టి కుప్పలు చేసి పెట్టా. నిజం ఉప్పుకన్నా ఇదే ఉప్పులా ఉంది. మిగిలిన నౌపడ ఉప్పు పప్పులోకి వెళ్లింది.

ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు

ఆగస్టులో ఓ ఆదివారం ఇద్దరం ఎత్తి, చెక్కను అమ్మ మంచం పక్కన బల్ల మీద పెట్టాం. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. ముందు తప్పు పట్టింది. "ఉప్పు ఇంత దగ్గరేటిరా? అటు దూరంగా కదా ఉంటాది."

"జాగా లేదమ్మా."

"పోన్లే, ఉండనీ."

కంట్రోలర్ బటన్ తిప్పా. ఎర్రపెట్టెలు రెండు ఊగుతూ తాటిచెట్ల వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చాయి. అమ్మ చెయ్యి చాపి కంట్రోలర్ తీసుకుంది. మూడు చుట్లు తిప్పి, ప్లాట్‌ఫాం ముందు సరిగ్గా ఆపింది.

"మనుషులేరి?"

నిజమే. పాయింటు, వైర్లు, ఉప్పు గొడవలో పడి ప్లాట్‌ఫాం మీద ఒక్కరినీ పెట్టలేదు. ఆ రాత్రే కూర్చుని రాగి తీగకు ఎం-సీల్ పట్టించి ఓ ఆడమనిషిని చేశా. ఆ స్కేలులో ఎత్తు 18 మిల్లీమీటర్లు. ఆకుపచ్చ చీర, చంకలో పిల్లాడు. మర్నాడు పొద్దున్నే అతికించబోతే అమ్మ భూతద్దం పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపింది.

"చంకలో ఎక్కడున్నావురా నువ్వు? రైలాగగానే దిగి పరిగెట్టేవాడివి. కింద నిలబెట్టు. కొంచెం దూరంగా."

ఇప్పుడు మళ్లీ ఎం-సీల్ కలుపుతున్నా. ఈసారి పిల్లాడు విడిగా, ఒక సెంటీమీటరు ఎత్తు.