పట్టుపురుగుల షెడ్డులో గోల్ఫు

గోల్ఫు అంటే దొరల ఆట అని మన వైపు అందరికీ ఒక లెక్క. ఆ లెక్క ఊరికే వచ్చింది కాదు. 1829లో కలకత్తాలో, 1876లో బెంగళూరులో గోల్ఫు క్లబ్బులు పెట్టినవాళ్లు తెల్లవాళ్లే. మనకు పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లోనూ దొరలు ఈ ఆట ఆడినారు. వాళ్ల సంచులు మోసినవాళ్లు మాత్రం మనవాళ్లు. ఆ సంచి మోసేవాణ్ని క్యాడీ అంటారు. గాలి ఎటు తిరిగిందో, పచ్చిక ఎటు వాలిందో, ఎంత దూరానికి ఏ కట్టె తీయాలో చెప్పేది అతనే. ఆట తెలిసింది ఒకరికి, ఆడేది ఇంకొకరు.

ఈ ఏర్పాటులోంచి బయటపడినవాళ్లూ లేకపోలేదు. ఢిల్లీలో క్యాడీగా పెరిగిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. కలకత్తాలో పచ్చిక చూసుకొనే పనివాడి కొడుకు చౌరాసియా అదే పోటీని 2016లో, 2017లో వరుసగా గెలిచినాడు. మన బెంగళూరులో సంచులు మోసిన మునియప్ప 2009లో గెలిచినాడు. క్యాడీ పిల్లల మధ్య ఈ పేర్లు దేవుళ్ల పేర్ల లాగా తిరుగుతుంటాయి. నాకు ఈ సంగతులన్నీ చెప్పింది మా అన్న కొడుకు.

అన్నది బాగేపల్లి తాలూకాలో ఒక చిన్న ఊరు. రెండెకరాల మల్బరీ తోట, నాలుగు ఆవులు, ఒక పురుగుల షెడ్డు. వాడు పదో తరగతి అయినాక బెంగళూరు దారిలో ఉన్న ఒక గోల్ఫు మైదానంలో క్యాడీగా చేరినాడు. వారానికి ఒక పూట క్యాడీలను ఆడనిస్తారు. మిగతా రోజులు ఇతరుల ఆట చూడడమే. అట్లా చూసి చూసి ఆట పట్టుబడింది. అయితే చూసి నేర్చిన ఆటకు ఒక హద్దు ఉంటుంది. రోజూ వంద బంతులు కొడితే గాని చెయ్యి కుదరదు. ఆ వంద బంతుల ఖర్చు, అవి కొట్టేందుకు చోటు క్యాడీకి ఎక్కడివి?

2022లో వాడు ఒక చిన్న పెట్టె పట్టుకొని చిక్కబళ్లాపురంలో మా ఇంటికి వచ్చినాడు. ఎవరో సభ్యుడు కొత్తది కొనుక్కొని పాతది సగం ధరకు ఇచ్చినాడట. అరచేతిలో ఇమిడేంత, మూడు కాళ్ల మీద నిలబడుతుంది. "చిన్నాయనా, దీన్ని లాంచ్ మానిటర్ అంటారు. నువ్వు సైన్సు మాస్టరువు గదా, ఇది సెప్పేది నమ్మొచ్చునా, చూసి సెప్పు" అన్నాడు. దాని డబ్బు ఒక పంట గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మితే వచ్చిన డబ్బు. అందుకే ఆ ప్రశ్న ఊరికే అడిగిన ప్రశ్న కాదు.

ఈ పరికరం పని చేసే తీరు చదువుకున్నవాళ్లకు కొత్తది కాదు. హైవే మీద లారీ హారను కొడుతూ మన వైపు వస్తుంటే శబ్దం సన్నగా, దాటిపోయినాక లావుగా వినిపిస్తుంది కదా. ఆ తేడాకు లెక్క చెప్పినాయన డాప్లర్, 1842లో. శబ్దానికి బదులు రేడియో తరంగాలను బంతి మీదికి పంపి, తిరిగి వచ్చినవాటిలో తేడా చూస్తే బంతి వేగం తెలుస్తుంది. క్రికెట్టులో బౌలరు వేగం చెప్పేదీ, రోడ్డు మీద పోలీసులు బండి వేగం పట్టేదీ ఇట్లాగే. పెట్టెను బంతికి ఆరేడు అడుగుల వెనక పెడతారు. కట్టె వేగం, బంతి వేగం, లేచే కోణం, పోయే దిక్కు ఇది చూస్తుంది. దాన్ని బట్టి బంతి ఎంత దూరం పోయేదో లెక్క కట్టి ఫోనులో చూపుతుంది.

పెద్ద పోటీల్లో వాడే ట్రాక్‌మ్యాన్ లాంటివి ఇరవై వేల డాలర్ల పైమాట. 2017లో ఫ్లైట్‌స్కోప్ వాళ్ల మేవో, 2021లో గార్మిన్ వాళ్ల ఆర్‌10 వచ్చినాక ఐదారు వందల డాలర్ల లెక్కలో మామూలు ఆటగాడికీ ఇది అందుబాటుకు వచ్చింది. పెట్టెతో వచ్చే యాప్ ఒకటి ఉంటుంది. అది కాక ఈ6 కనెక్ట్, ఆసమ్ గోల్ఫ్, జీఎస్‌ప్రో లాంటి వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కంపెనీ కలపని చోట ఔత్సాహికులే మధ్యలో ఒక ప్రోగ్రాం రాసి పెట్టెనూ సాఫ్ట్‌వేరునూ కలుపుతారు. ఎదురుగా ఉన్నది వల, తెర మీద కనిపించేది ఎక్కడో సముద్రపు ఒడ్డు మైదానం.

వాడు ఇదంతా పురుగుల షెడ్డులో పెట్టినాడు. దూలాల కింద కట్టె తిప్పేందుకు సరిపడా ఎత్తు ఉంది. బంతికి వలకూ మధ్య ఎనిమిది అడుగుల జాగా ఉంది. వల చింతామణిలో కోళ్లఫారాలకు సామాను అమ్మే అంగట్లోది, రెండు పొరలుగా వేలాడదీసినాడు. కాళ్ల కింద ఆవుల కొట్టంలో పరిచే రబ్బరు చాప. సాఫ్ట్‌వేరు మాత్రం పక్క వీధి అబ్బాయి పాత ల్యాప్‌టాపులోది. చంద్రికలు గోడకు ఆనించి ఉంటే, వాటి పక్కన వాడు స్కాట్లాండులో ఆడుతుండేవాడు.

పురుగులు షెడ్డులో ఉన్నప్పుడు ఇదేమీ కుదరదు. చాకీ కట్టినప్పటి నుంచి గూడు అల్లేదాకా అది పురుగుల ఇల్లు. బయటి దుమ్ము, బయటి చెప్పు లోపలికి రాకూడదు. ఊజీ ఈగ జొరబడకుండా కిటికీలకు వల బిగించి ఉంటుంది. పంట తీసి, బ్లీచింగ్ చల్లి, షెడ్డు ఆరబెట్టే పది పన్నెండు రోజులే వాడివి. అన్న ఆ పది రోజులు ఇచ్చినాడు గాని మనసు మాత్రం ఇవ్వలేదు. ఒక రోజు వాడు ఫోను చూపి "నాయనా, నూట యాభై గజాలు పోయింది" అంటే, "పోయినది యాడికిరా? ఆ వలలోనే పడి ఉండాదే" అన్నాడు.

నవ్వినా అన్న మాటలో పాయింటు ఉంది. చిన్నప్పుడు మేము బిళ్లంగోడు ఆడినాము. బిళ్ల ఎంత దూరం పోయిందో కొట్టినవాడు ఒక లెక్క చెబుతాడు. ఎదుటివాడికి నమ్మకం లేకపోతే ఆ కట్టెతోనే కొలవమంటాడు. కొలిచేదాకా అది వట్టి మాటే. ఈ పెట్టె చెప్పేదీ అట్లాంటి మాటే, చదువుకున్నవాడి మాట అంతే తేడా. కాబట్టి కొలుద్దాం అనుకున్నాము.

ఎండాకాలం చెరువు ఎండి బయలుగా ఉంది. సర్వేకు వాడే పొడుగు టేపు ఒకటి సంపాదించినాము. వాడు సెవెన్ ఐరన్ అనే కట్టెతో ఇరవై బంతులు కొట్టినాడు, ఇద్దరు పిల్లకాయలు బంతి మొదట నేలకు తాకిన చోట సున్నం గుర్తు పెట్టినారు, మేము కొలిచినాము. సగటు 150 గజాలు. అంతకు ముందు రోజు షెడ్డులో ఇరవై బంతులకు తెర చూపిన సగటూ 150. వాడి ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం సగటు పక్కన పెట్టి ఒక్కొక్క బంతినీ చూసినాను. షెడ్డులో ఇరవై బంతులూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. చెరువులో పద్నాలుగు బంతులు 154 ప్రాంతంలో పడినాయి. ఆరు బంతులు 140కి అటూ ఇటూ చతికిలబడినాయి.

దీనికి రెండు కారణాలు దొరికినాయి. మొదటిది గాలి. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, బంతికి అడ్డు తగ్గుతుంది. 300 మీటర్ల ఎత్తుకు సుమారు నూటికి ఒక వంతు దూరం పెరుగుతుంది. బాగేపల్లి 700 మీటర్ల ఎత్తున ఉంది, చిక్కబళ్లాపురం ఇంకా పైన, 900 మీటర్లు. సాఫ్ట్‌వేరులో ఎత్తు రాసే గడి ఒకటి ఉంది. అది మొదటి నుంచీ సున్నాతో వస్తుంది. అంటే మా షెడ్డును అది సముద్రపు ఒడ్డున ఉన్నట్టు లెక్క కట్టింది. 150 గజాలకు అది మూడు నాలుగు గజాల తక్కువ చూపు.

రెండోది చాప. కట్టె బంతికి అంగుళం వెనక నేలను తాకితే, నిజమైన నేల అయితే మన్ను తవ్వుకొని దెబ్బ చచ్చిపోతుంది. రబ్బరు చాప మీద కట్టె జారి బంతికే తగులుతుంది. పెట్టెకు అది మంచి దెబ్బే. అట్లాంటి ఆరు దెబ్బలు షెడ్డులో దాక్కున్నాయి, చెరువులో బయటపడినాయి. ఒక లెక్క తక్కువ చెప్పింది, ఒక లెక్క ఎక్కువ చెప్పింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకొని సగటు మాత్రం సత్య హరిశ్చంద్రుడి లాగా నిలబడింది. ముప్పై ఏళ్లు పిల్లలకు సగటు లెక్కలు చెప్పిన నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

వాడు ఎత్తు గడిలో 700 రాసినాడు. చాప మీద బంతికి నాలుగు అంగుళాల వెనక మడిచిన టవలు పెట్టినాడు. కట్టె ముందుగా దిగితే టవలు ఎగురుతుంది. పెట్టెకు కనిపించని తప్పు టవలుకు కనిపిస్తుంది. ఇంకొక సంగతి కూడా చూసినాము. పెట్టెను ఒక డిగ్రీ వంకరగా పెడితే 150 గజాల దగ్గర రెండున్నర గజాల తేడా వస్తుంది. అందుకని బండ మీద సున్నంతో గీత గీసి, ఆ గీతకే పెట్టెను నిలిపినాడు. బంతి తిరుగుడును మాత్రం ఎనిమిది అడుగుల పరుగులో ఇంత చిన్న పెట్టె సరిగా పట్టలేదు, చాలామట్టుకు లెక్క కట్టి చెబుతుంది. ఆ అంకెను వాడు చూడడం మానేసినాడు.

వాడు ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. అది చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయినాను. తెర మీదంతా ఇంగ్లీషు. వాడు రాసుకున్నది తెలుగు, రాసిన లిపి కన్నడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ అయిన మన తాలూకాల్లో ఇది వింత కాదు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ అక్షరాల్లో చదివి పాడేవాళ్లు చింతామణి వైపు ఎందరో ఉన్నారు. బంతి గాలిలో పోయే దూరానికి వాడు 'గాలి దూరం' అని రాసుకున్నాడు. నేల మీద పోయేదానికి 'పొర్లుడు'. కట్టె వేగంలో ఎంత భాగం బంతికి అందిందో చెప్పే అంకెకు 'దెబ్బ ఫలం'. నేను ఒక్క మాట కూడా అందివ్వలేదు. ఆట అర్థమైనవాడికి మాట తానే వచ్చింది. తెలుగులో ఇట్లాంటివాటికి మాటలు లేవని సభల్లో బాధపడే పెద్దలకు ఆ నోటుబుక్కు చూపాలనిపించింది. అయితే వాళ్లకు ఆ లిపి రాదు.

2023లో వాడు ఒక అర్హత పోటీకి పోయినాడు. ప్రవేశ రుసుము, బస, తిండి కలిసి ఇంకొక పంట గూళ్ల డబ్బు. రెండు దెబ్బల తేడాతో తప్పిపోయింది. పోగొట్టుకున్నవి పొడుగు దెబ్బలు కావు. గుంత పక్కన, ఐదారు అడుగుల దూరంలో పోయినాయి. ఆ చోట పెట్టె చెప్పేది తక్కువ, చెయ్యి చెప్పాల్సిందే ఎక్కువ. టోక్యో ఒలింపిక్సులో 2021లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆమె బంతిని చాలా దూరం కొట్టే ఆటగత్తె కాదు. ఆమె బలం గుంత దగ్గర. వాడు ఇప్పుడు రోజూ రాత్రి షెడ్డు ముందర బండల మీద గోనెసంచి పరిచి ఆ ఐదడుగుల బంతులే కొడుతున్నాడు. దానికి పెట్టె అక్కర లేదు, పంట విరామమూ అక్కర లేదు.

అన్న ఇంకా మెత్తబడినాడని చెప్పలేను. ఈ ఖర్చుకు ఇంకొక ఆవు వచ్చేదని ఆయన లెక్క, ఆ లెక్కలో తప్పు లేదు. వాడికి ఇరవై నాలుగు వచ్చింది. సంచి మోయడం మానలేదు, మానే స్తోమతా లేదు. అయితే వాడి దగ్గరికి ఇప్పుడు ఇంకో ఇద్దరు క్యాడీ పిల్లలు వస్తున్నారు, ఒకడు చింతామణివాడు. వాళ్లకు మొదట పెట్టె చూపడు. చెరువులోకి తీసుకుపోయి టేపు చేతికిస్తాడు.

నిన్న ఫోను చేస్తే అన్నే ఎత్తినాడు. పురుగులు నాలుగో జ్వరం తీరినాయట, ఆకు ఎంత వేసినా చాలడం లేదట. ఇంకొక వారంలో చంద్రికలకు ఎక్కిస్తాడు. "ఆమీద పది దినాలు షెడ్డు వాడిదేలే" అన్నాడు, నేను అడగకుండానే.