అనంతగిరి: కొండ కన్నా రోడ్డే కష్టం

వానలు మొదలవగానే మా ఆఫీసులో ఎవరో ఒకరు అనంతగిరి గురించి అడుగుతారు. ట్రెక్ కష్టమా, షూస్ ఏవి కొనాలి, జలగలు ఉంటాయా... ఇలా బోలెడు ప్రశ్నలు. ఎన్ని గంటలకి బయల్దేరాలి, డ్రైవింగ్ ఎవరిది అని మాత్రం ఒక్కరూ అడగరు. నా మటుకు నాకు అసలు ప్రశ్నలు అవే.

కొండ సంగతి ముందు చెప్పేస్తాను. పెద్ద ఎత్తేమీ కాదు. అంతా ఎర్రమట్టి, ఎర్రరాయి. వాన పడితే మట్టి షూ కింద అట్టుకట్టేస్తుంది. ఎక్కడం తేలికే, జారేది దిగేటప్పుడే. పోయినసారి అయిదుగురం వెళ్తే ముగ్గురు కూర్చున్నచోటి నుంచే కిందికొచ్చారు. నవ్వుకున్నాం, అంతకుమించి నష్టం లేదు. అన్నట్టు, మన మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నాగోలు వంతెన మీద ముక్కు మూసుకునేవాళ్ళు ఒకసారి వెళ్ళి చూడాలి.

ఇక రోడ్డు. గచ్చిబౌలి నుంచి ఔటర్ మీద అప్పా జంక్షన్, అక్కణ్ణుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ. అక్కడ కుడికి తిరిగితే వికారాబాద్. అప్పా నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. నేను ఎరిగిన ఆ రోడ్డు రెండు వరుసలే, మధ్యలో డివైడర్ లేదు, మర్రి మొదళ్ళు తారు అంచుదాకా ఉంటాయి. దాని మీదే టిప్పర్లు, బస్సులు, మన వీకెండ్ కార్లు. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున, మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరూ, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సూ ఢీకొన్నాయి. కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది పోయారు.

ఆ తర్వాత చాలామంది తప్పు మర్రిచెట్ల మీదకి తోసేశారు. చెట్ల వల్లే విస్తరణ ఆగిందిట! గ్రీన్ ట్రిబ్యునల్లో కేసు ఏళ్ళ తరబడి నడిచిన మాట నిజమే. కానీ చివరికి ముందుకొచ్చింది చాలా చెట్లను ఉంచి రోడ్డు వేసే ప్లానే కదా? అదేదో మొదట్లోనే గీసుంటే కేసే ఉండేది కాదు. మన భాషలో చెప్పాలంటే, డిజైన్లో చూసుకోవాల్సింది ప్రొడక్షన్లో బయటపడింది. ఇక్కడ మూల్యం మాత్రం మనుషులు.

అందుకే మా జట్టుకి మూడు నియమాలు పెట్టుకున్నాం. బాగా తెల్లవారాకే బయల్దేరాలి. చీకటి పడేలోగా తిరిగి ఔటర్ ఎక్కేయాలి. ముందురోజు రాత్రి రిలీజ్ కోసం మేలుకున్నవాడు ఎంత బతిమాలినా స్టీరింగ్ ఇవ్వకూడదు. మూడోదానికే గొడవలెక్కువ, కారు వాడిదే అవుతుంది మరి! అయినా సడలించలేదు.

శంకర్‌పల్లి వైపు నుంచి కూడా వికారాబాద్ వెళ్ళొచ్చు. ఈమధ్య ఆ దారిన వెళ్ళినవాళ్ళుంటే గుంతలు, టిప్పర్ల సంగతి కాస్త చెప్పండి.