వంటింటి నడుమ ఒక గట్టు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని పెద్దలు ఊరకే అనలేదు. ఐతే కట్టిన ఇంటిని విప్పి మళ్ళీ కట్టుకోవడంలోని తిప్పలను గురించి వారు ప్రత్యేకంగా హెచ్చరించినట్లు లేదు. గత సంవత్సరం మా వంటింటిని మార్పించుకున్న సందర్భంలో కలిగిన అనుభవాన్ని సహోద్యోగ మిత్రులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇందులో మా తెలివికంటె మా పొరపాటే ఎక్కువగా కనిపిస్తుంది. మిత్రులు మన్నించి, దానినుండి గ్రహించదగినది గ్రహిస్తారని ఆశ.

సంస్థ ఉద్యోగంలో మేము మూడు రాష్ట్రాలలో, నాలుగు క్వార్టర్లలో కాపురం చేశాము. ఊరు మారినా, భాష మారినా, వంటిల్లు మాత్రం మారలేదు. ఒక గోడవెంట గట్టు, ఎదురుగా మరొక గోడ, నడుమ ఒక మనిషి మసలగలిగిన జాగా. ఒకరు పొయ్యి దగ్గర ఉంటే రెండవవారు గుమ్మంలో నిలబడి గిన్నెలు అందించవలసిందే. క్వార్టర్లను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. భోజనాలకు వేరే చోటు ఉన్న ఇంటిలో వంటగదికి 5 చదరపు మీటర్ల వైశాల్యం, 1.8 మీటర్ల వెడల్పు ఉంటే కనీస అవసరం తీరినట్లేనని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతున్నది. ఆ వెడల్పులో రెండడుగుల గట్టు పోగా మిగిలేది నాలుగడుగుల లోపే. అందులోనే మా శ్రీమతి పిల్లలను పెంచి పెద్దచేసినది. "ఎప్పటికైనా ఇద్దరం నిలబడి మాట్లాడుకుంటూ వంట చేసుకునే వంటిల్లు కావాలి" అనేది ఆమె చిరకాలపు కోరిక.

విజయనగరంలో మా నాన్నగారు 1974లో కట్టించిన ఇల్లు మాకున్నది. అందులోని వంటిల్లు మా అమ్మగారి సామ్రాజ్యం. పక్కనే ఐదడుగుల వెడల్పు గల కొట్టుగది. ఆ రెంటి మధ్య గోడ తీసివేస్తే 13 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గల చక్కని గది ఏర్పడుతుంది. అది సగం ఇటుక మందాన కట్టిన అడ్డుగోడ మాత్రమేనని, పైకప్పు బరువు దానిమీద లేదని మా సివిల్ విభాగపు మిత్రుడొకరు వచ్చి పరీక్షించి చెప్పిన తరువాతనే పనికి పూనుకున్నాము. ఈ జాగ్రత్త మాత్రం మేము మొదటే తీసుకున్నాము. తరువాతి సంగతులలోనే మా తెలివి తెల్లవారినది.

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో డాలస్ నగర సమీపంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి వంటింటి నడుమ ఒక పెద్ద రాతి గట్టు చూశాము. నీటి నడుమ ద్వీపంలాగా గోడలకు దూరంగా నిలబడుతుంది కనుక దానిని ఐలాండ్ అంటారు. ఒకవైపు మా శ్రీమతి కూరలు తరిగేది, మరొకవైపు మనుమడు పాఠాలు వ్రాసుకునేవాడు, అల్లుడుగారు అక్కడే కాఫీ కలుపుకునేవారు. ఇంటిల్లిపాదీ ఆ గట్టు చుట్టూ చేరేవారు. స్వదేశం తిరిగివచ్చినా మా మనసు ఆ గట్టును విడిచిరాలేదు.

కావున గుత్తేదారును పిలిపించి మా ముచ్చట చెప్పాము. ఆయన చకచకా నక్షా గీసి ఇచ్చాడు. తూర్పు, దక్షిణపు గోడల వెంట రెండడుగుల గట్లు, పడమటి గోడకు నిలువెత్తు బీరువాలు, గది నడుమ 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల ఐలాండ్. చుట్టూ నాలుగు వైపులా 30 అంగుళాల దారి. "ఈ దారి చాలుతుందా?" అని అడిగితే, "మనిషి అడ్డం ఎంతుంటాడండీ సార్? రెండడుగులు కూడా ఉండడు. రెండున్నర అడుగులు దర్జాగా సరిపోతాయి" అన్నాడు. లెక్క సబబుగానే తోచినది. మరునాడే నల్ల గ్రానైటు పలకకు బయానా ఇచ్చివచ్చాము.

పని మొదలుపెట్టేముందు మా శ్రీమతి ఒక మాట అన్నది. "కాగితం మీద అన్నీ సరిపోతాయి. ఒకసారి నేలమీద గీసి చూద్దాం." గోడ తీసి, చెత్త ఎత్తించిన తరువాత ఆమె ముగ్గుపిండితో గట్లు, బీరువాలు, ఐలాండ్ కొలతల ప్రకారం నేలమీద గీసినది. ఐలాండ్ గీసిన చోట అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చాము. తూర్పు గట్టు ఉండవలసిన చోట పాత బల్లలు వరుసగా వేశాము. ఆ రోజంతా అక్కడ వంట చేస్తున్నట్లే మసలి చూశాము.

తప్పు వెంటనే బయటపడినది. ఒక మనిషి నడవడానికి 30 అంగుళాలు చాలుతాయి. ఐతే వంటింట్లో మనిషి నడవడమే కాదు, వంగుతాడు, సొరుగు లాగుతాడు, వేడి గిన్నె పట్టుకొని వెనుదిరుగుతాడు. గట్టు కింద సొరుగు పూర్తిగా లాగితే నిలబడేందుకు చోటు మిగలలేదు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఆ దారి మూసుకుపోయినది. ఒకరు పొయ్యి దగ్గర ఉండగా రెండవవారు వెనుకనుండి పోవాలంటే ఒంటిని రాచుకుంటూ పోవలసి వచ్చినది.

అంతకుమించిన సంగతి మా అమ్మగారిది. ఆమెకు 79 ఏళ్ళు. అంతకు ముందటి ఏడాది స్నానాలగదిలో జారిపడగా తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినది. నాటినుండి వాకరు పట్టుకొని నడుస్తున్నారు. మేము ముగ్గు గీస్తున్నామని తెలిసి మెల్లగా లోపలికి వచ్చారు. పెట్టెల పక్కగా నాలుగడుగులు వేశారు. వాకరు తిన్నగా పోయినది గాని, వెనుకకు మళ్ళడానికి చోటు చాలలేదు. దాని కాలు పెట్టెకు తగిలి పెట్టెలు కూలినవి. ఆమె కంగారుపడలేదు. వాకరును ఎత్తి ఎత్తి పెట్టుకుంటూ తిరిగి నిలబడి, "నాయనా, నేను ఇక్కడ మళ్ళాలంటే కోడలు పొయ్యి వదిలి జరగాలి. పొయ్యిమీద నూనె పెట్టిన మనిషిని జరగమనకూడదు. మీరు కట్టుకోండి, నేను గుమ్మం దగ్గరే కూర్చుంటానులే" అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది మమ్మల్ని ఎక్కువగా బాధించినది. నలభై ఏళ్ళకు పైగా ఆ గదిని ఏలిన మనిషి, మేము ముచ్చటపడిన ఒక రాతికోసం గుమ్మం దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నారు. "ఈ వంటిల్లు అత్తయ్యది. ఆమెను బయట కూర్చోబెట్టి మనం లోపల రాయి పెట్టుకుంటామా?" అని మా శ్రీమతి అడిగినప్పుడు మావద్ద సమాధానం లేకపోయినది.

ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి, వారి ఐలాండ్ చుట్టూ ఎంత ఖాళీ ఉన్నదో కొలిచి చెప్పమన్నాము. పొయ్యి వైపు 45 అంగుళాలు, రెండవవైపు 52 అంగుళాలు అని చెప్పినది. అప్పుడు మాకు విషయం బోధపడినది. అక్కడ మేము రాతిని చూసి ముచ్చటపడ్డాము. మమ్మల్ని హాయిగా మసలనిచ్చినది మాత్రం దాని చుట్టూ ఉన్న ఖాళీ. రాయిని గుర్తుపెట్టుకొని ఖాళీని మరచిపోయి వచ్చాము.

మరీ సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం యంత్రశాలలోనే గడిచినది. అక్కడ ఒక లేతు మిషను నిలబెట్టాలంటే దాని కొలతలు మాత్రమే చూడము. పనివాడు నిలబడే చోటు, తలుపు తెరుచుకునే చోటు, సరుకు తెచ్చే బండి తిరిగే చోటు లెక్కవేసి, నడక దారికి ఇరువైపులా పసుపు గీతలు గీస్తాము. ఆ గీతలో పెట్టె పెట్టినవారిని మందలిస్తాము. అటువంటి మేము ఇంటికి వచ్చేసరికి ఆ సూత్రాన్ని మరచిపోయాము.

నిజానికి కర్మాగారానికి, వంటింటికి ఉన్న ఈ సంబంధం కొత్తది కాదు. 1912లో అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే గృహిణి, కర్మాగారాలలోని పని పద్ధతుల శాస్త్రాన్ని ఇంటిపనికి అన్వయిస్తూ ఒక మహిళా పత్రికలో వ్యాసాలు వ్రాసినది. 1926లో మార్గరెట్ షూట్టె లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహ సముదాయాలకోసం 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రూపొందించినది. సుమారు 10 వేల ఇళ్ళలో దానిని అమర్చారు. అడుగులు తగ్గించి, గృహిణి శ్రమ తగ్గించాలన్నది ఆ ప్రయత్నాల సారం. ఐతే ఆ వంటగది ఒక్కరు పనిచేయడానికి ఉద్దేశించినది. మన ఇళ్ళలో పండుగనాడు ముగ్గురు, నలుగురు ఆడపడుచులు ఒకేసారి వంటింట్లో ఉంటారు. అడుగులు తగ్గించడంతోబాటు ఒకరికొకరు తగలకుండా మసలడమూ మనకు ముఖ్యమే.

అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ వారి సూచనలు చూడగా, ఒకరు వంట చేసే చోట గట్ల మధ్య 42 అంగుళాలు, ఒకరికంటె ఎక్కువమంది చేసే చోట 48 అంగుళాలు, కేవలం నడక దారికైతే 36 అంగుళాలు ఉండాలని ఉన్నది. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగాలంటే సుమారు 60 అంగుళాల, అనగా 5 అడుగుల, వలయం కావాలి. గుత్తేదారు చెప్పిన 30 అంగుళాలు ఇందులో దేనికీ సరిపోవు.

అప్పుడు నక్షాను తిరిగి వేశాము. ఈసారి ముందుగా ఖాళీలను నిర్ణయించి, మిగిలినదే ఐలాండ్ అనుకున్నాము. పడమటి గోడ బీరువాలు మానేశాము. తూర్పు గట్టుకు 24 అంగుళాలు, దాని ముందు 42 అంగుళాల ఖాళీ, ఐలాండ్‌కు 30 అంగుళాలు, దానికి పడమర 60 అంగుళాల ఖాళీ. మొత్తం 13 అడుగులు. పొడవున దక్షిణపు గట్టుకు 24, ఖాళీ 42, ఐలాండ్ 48, ఉత్తరాన ఖాళీ 54 అంగుళాలు. మొత్తం 14 అడుగులు. 28 చదరపు అడుగుల ఐలాండ్ 10 చదరపు అడుగులకు దిగినది. ఫ్రిజ్‌ను దారికి అడ్డురాకుండా వాయవ్య మూలకు జరిపాము. పొయ్యి ఆగ్నేయంలోనే, తూర్పు ముఖంగా ఉన్నది. పొయ్యి వైపు 42 అంగుళాలు వండేవారికి, పడమటి వైపు 60 అంగుళాలు మిగిలినవారికి అని పంచుకున్నాము.

ఐలాండ్ మీద పొయ్యి పెట్టలేదు. పోపు చిటపటలు నాలుగు వైపులా చిందుతాయి, గ్యాసు గొట్టం నేలలోనుండి తేవాలి, పొగగొట్టం గది నడుమ వేలాడుతుంది. సింకు పెడితే మురుగునీటికి వాలు కుదరాలి. కావున మిక్సీకి ఒక ప్లగ్ పాయింటు మాత్రం పెట్టించి, మిగిలినదంతా తరగడానికి, పిండి కలపడానికి వదిలాము. మూలలు గుండ్రంగా చెక్కించాము. పడమటి వైపు సగభాగం ఎత్తును 29 అంగుళాలకు తగ్గించి, కింద అరలు లేకుండా ఖాళీగా వదిలాము. అక్కడ కుర్చీ వేసుకొని మోకాళ్ళు లోపలికి పెట్టి కూర్చోవచ్చు. కుర్చీకి 24 అంగుళాలు పోయినా వెనుక 36 అంగుళాల దారి మిగులుతుంది.

నష్టం లేకపోలేదు. బీరువాలు లేనందున డబ్బాలు కొన్ని భోజనాల గదిలోకి, బియ్యపు డ్రమ్ము వరండాలోకి చేరినవి. వాటికోసం రోజూ నాలుగడుగులు ఎక్కువ వేయవలసిందే. గ్రానైటు వర్తకుడు బయానా తిరిగి ఇవ్వలేదు. పలక తీసుకొని కోయించుకోగా మిగిలిన ముక్క పెరట్లో తులసికోట పక్కన అరుగైనది.

ఇప్పుడు ఉదయం తొమ్మిది గంటలకు మా అమ్మగారు వాకరుతో వచ్చి, ఎవరినీ జరగమనకుండా తమ కుర్చీలో కూర్చుంటారు. గోంగూర ఒలుస్తారు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తారు, చింతపండు ఎంత నానబెట్టాలో చెబుతారు. ఐలాండ్ అనే మాట ఆమెకు నచ్చలేదు. "నడిమి గట్టు" అంటారు. మా ఇంట్లో అదే పేరు స్థిరపడినది. వెనుకటి వంటిళ్ళలో నేల నడుమ పీటలు వేసుకొని కత్తిపీట ముందు కూర్చునేవారు, పిల్లలు అక్కడే అన్నం తినేవారు. ఆ నడిమి చోటే ఇప్పుడు మోకాళ్ళ నొప్పులవారి సౌకర్యంకోసం రెండున్నర అడుగులు పైకి లేచినదని మాకు అనిపిస్తుంది.

పదవీ విరమణ నాటికి సొంత ఇల్లు సవరించుకోవాలని తలచే మిత్రులకు మా మనవి ఇది. ముందు టేపుతో గదిని కొలవండి. తలుపులు, సొరుగులు తెరిచినప్పటి కొలత వేయండి. ముగ్గు గీసి, అట్టపెట్టెలు పేర్చి, ఇంట్లో అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ఒకసారి చుట్టూ నడిపించండి. వారికి చోటు చాలితే అందరికీ చాలుతుంది. చాలకపోతే గట్టును తగ్గించండి, లేదా మానేయండి. ఈ పనికి మాకు పట్టినది ఒక పూట సమయం, అర్ధశేరు ముగ్గుపిండి మాత్రమే.