వికారాబాదు నుంచి తాండూరుకు

వికారాబాదులో దిగగానే అనంతగిరి గాలి పలకరిస్తుంది. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ఒకప్పుడు క్షయరోగికి ఈ గాలే మందన్నారు. నిజాం కాలంలో శానిటోరియం కట్టారు. ఆ రోజుల్లో క్షయ అంటే అయినవాళ్లే దూరం జరిగేవారు. నేడు ఆ వెలి హెచ్.ఐ.వి. సోకినవారి నెత్తిన పడ్డది.

తాండూరు బండి ఎక్కాను. దారి పొడుగునా కందిచేలు. పెట్టెలోకి ఒక హిజ్రా వచ్చి చప్పట్లు చరిచింది. అందరూ కిటికీలవైపు తిరిగారు. నా ఎదుట చోటుంటే కూర్చున్నది. మాటల్లో ఆసుపత్రి ప్రసక్తి వచ్చింది.

"ఆడోళ్ల లైన్ల నిలబడితే తిడ్తరు, మొగోళ్ల లైన్ల నవ్వుతరు. పోలీసోళ్ల భయం ఉండనే ఉన్నది. రక్తం పరీక్షకు ఎట్ల పోవాలె సారూ?" అన్నది.

ఆ భయం ఊరకే పుట్టలేదు. 1919 నాటి నిజాం చట్టం, అనుమానం మీద హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమన్నది. పేరెక్కినవారు ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. తెలంగాణా హైకోర్టు దానిని కొట్టివేసినది 2023లో! వీధికి రావడమే నేరమైతే ఆసుపత్రికి ఎలా వస్తారు?

2018 సెప్టెంబరు నుంచి హెచ్.ఐ.వి. చట్టం అమలులో ఉన్నది. ఒప్పుకోనిదే పరీక్ష చేయరాదు, గుట్టు బయటపెట్టరాదు, వైద్యం నిరాకరించరాదు. సర్కారు కేంద్రాల్లో మందులు ఉచితం. ఇదంతా చెప్పాను.

"చట్టం రాసినోళ్లు మంచోళ్లే. చిట్టీ రాసేటాయనకు ఎవరు చెప్తరు?" అని లేచి పోయింది.

తాండూరులో ఎటు చూచినా నాపరాళ్లే. ఎవరు నడిచినా ఆ రాతికి ఒకటే. ఆసుపత్రి గడప కూడా అట్లా ఉన్ననాడే చట్టం ఊరు చేరినట్లు.