ఐదుగురు ఆడపిల్లల పాట

ప్రజల కళ ఏది, వ్యాపారుల కళ ఏది అన్న చర్చ మనకు కొత్తది కాదు. ఆ చర్చలో గొంతు చించుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే ఆ సిద్ధాంతం పేరుతోనే నేను మా ఇంట్లో చేసిన పని ఒకటున్నది. ముందు అది చెప్పి తర్వాత విమర్శలోకి వస్తాను.

1998లో మేము బెల్లంపల్లిలో సింగరేణి క్వార్టరులో ఉండేవాళ్ళం. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘంలో తిరుగుతున్నాను. చెల్లె ఇంటర్‌లో ఉన్నది. బాపుకు రాత్రి షిఫ్టు పడినప్పుడల్లా మా వరసలోని మరి నలుగురు ఆడపిల్లలు మా ఇంట్లో చేరేవాళ్ళు. టేపురికార్డరులో స్పైస్ గర్ల్స్ కాసెట్ పెట్టేవాళ్ళు. హైదరాబాదు నుంచి ఎవరి బంధువో తెచ్చినది అది. ఆ ఇంగ్లీషు వాళ్ళకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా ఐదుగురూ ఐదు గొంతులు పంచుకొని, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, అమ్మ కసిరేదాకా పాడేవాళ్ళు.

ఒకనాడు మా సంఘంలో ఒక ఉపన్యాసాన్ని రికార్డు చెయ్యవలసి వచ్చింది. ఖాళీ కాసెట్ దొరకలేదు. చెల్లె కాసెట్ తీసుకొని, పైఅంచున ఉండే చిల్లులో కాగితం కుక్కి, పాటల మీద ఉపన్యాసం ఎక్కించాను. ఉపన్యాస విషయం సామ్రాజ్యవాద సంస్కృతి! చెల్లె ఏడవలేదు. “అన్నా, అడిగితే ఇయ్యకపోదునా?” అన్నది. అంతే. తర్వాత ఆ నలుగురూ మా ఇంటికి రావటం తగ్గిపోయింది.

ఆ రోజుల్లో నా వాదన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. ఆ బృందం పుట్టుకే 1994లో ఒక పత్రికా ప్రకటనతో జరిగింది. లండనులో తండ్రీకొడుకులైన ఇద్దరు వ్యాపారులు ఆడపిల్లలు కావాలని ప్రకటించి, వచ్చినవాళ్ళలో ఏరుకున్నారు. తర్వాత శీతలపానీయాల కంపెనీ వాళ్ళ ముఖాలను డబ్బాల మీద అచ్చువేసి అమ్ముకున్నది. అన్నిటికంటె మించి, 1996 డిసెంబరులో వాళ్ళలో ఒకామె మార్గరెట్ థాచర్‌ను తమ మార్గదర్శిగా చెప్పుకున్నది. 1984-85లో బ్రిటనులో బొగ్గుగని కార్మికుల సమ్మెను అణచివేసిన థాచర్! బొగ్గుబాయి కార్మికుని కొడుకు ఆ మాటను ఎట్లా క్షమిస్తాడు? నేను ఇప్పటికీ క్షమించలేదు.

కాని విమర్శ అక్కడితో ఆగటంలోనే ఉన్నది పొరపాటు. ఏరుకున్న ఆ వ్యాపారులను ఈ ఐదుగురూ 1995లోనే వదిలి బయటికి వచ్చేశారు. పేరొచ్చిన తర్వాత 1997 నవంబరులో తమ మేనేజరును కూడా తొలగించారు. తాము పాడిన పాటల రచనలో వాళ్ళకు భాగమున్నది. ఈ సంగతులు నాకు తెలియవు, తెలుసుకోవాలనీ తోచలేదు. అదే కాలంలో అమెరికాలో టి.ఎల్.సి. అని ముగ్గురు నల్లజాతి యువతుల బృందం ఉండేది. మత్తుమందుల వ్యాపారంలోకి దిగిన కొడుకు కోసం తల్లడిల్లే తల్లి, ఎయిడ్స్‌తో కృశించే మనిషి — ఇవి వాళ్ళ ‘వాటర్‌ఫాల్స్’ పాటలోని విషయాలు. 1995లో ఆ పాట మార్మోగుతూ, ఆల్బం లక్షలాది ప్రతులు అమ్ముడుపోతుండగా, పాడినవాళ్ళు దివాలా పిటిషను వేసుకున్నారు. డబ్బెక్కడికి పోయిందని ఏ బాయి కార్మికుణ్ణి అడిగినా చెపుతాడు. పాటను సరుకు అన్నాం, బాగానే ఉన్నది. బొగ్గూ సరుకే గదా? బొగ్గు తవ్వే బాపు చెమట మాకు పవిత్రమయింది గాని, పాట పాడే ఆడపిల్ల చెమట లెక్కలోకి రాలేదు.

ఈ గ్రహింపు నాకు పుస్తకాల వల్ల కలగలేదు. సద్దుల బతుకమ్మనాడు, తంగేడు, గునుగు పూల చుట్టూ వలయం కట్టి ఆడవాళ్ళు పాడుతుంటే మగవాళ్ళం దూరంగా నిలబడి చూస్తాం. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. మొగుళ్ళ మాటా, అన్నదమ్ముల మాటా ఆ పాటల్లో వస్తుంది. కాని ఆ పాట పాడేది మా కోసం కాదు. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి నిషేధించింది. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. ఈ ఊళ్ళో బాయి మీద పాటలు మేము కట్టుకున్నాం. తెల్లవారుజామున లేచి క్యారియరు కట్టే అమ్మ మీద ఒక్కటీ కట్టలేదు. ఆమె పాట ఆ వలయంలో ఉండిపోయింది.

మొన్న మంచిర్యాలలో చెల్లె ఇంట్లో మేనకోడలు ఫోనులో ‘వన్నబీ’ పెట్టింది. 1996 నాటి పాట, మూడు నిమిషాలైనా ఉండదు. మొదటిసారి చివరిదాకా విన్నాను. ఒక నవ్వుతో మొదలవుతుంది. ఇద్దరు మాటకు మాట విసురుకుంటారు, తర్వాత అందరూ కలుస్తారు. అందులో ప్రియుడికొక షరతున్నది: స్నేహితురాళ్ళను కాదని అతను ఆమె దగ్గరికి రాలేడు. పాటలో ఆడగొంతు వినిపిస్తే అది నన్నుద్దేశించే అనుకోవటానికి అలవాటుపడ్డ చెవులు నావి. ఆ ఐదుగురు పాడుకుంటున్నది ఒకరికొకరు. మా వరసలోని ఐదుగురూ చేసింది అదే.

“ఆ ఐదుగుర్ల నువ్వెవరివే చెల్లె?” అని అడిగాను.

“దినామూ మారుతుంటిమి. కొట్లాట కావద్దని వంతులు పెట్టుకున్నం. ఆ మూలింటి పిల్లకు మాత్రం ఎప్పుడూ పెద్ద గొంతే ఇస్తుంటిమి. దానికి లగ్గం ఖాయమై ఉండె.”

ఆ కాసెట్ ఇంకా నా దగ్గరే ఉన్నది. ఉపన్యాసం టేపు కంటె పొట్టిది. చప్పట్లు ఆగిన తర్వాత, చెరగకుండా మిగిలిన పాట ముక్క ఒకటి వినిపిస్తుంది. ఈ సంగతి చెల్లెకు ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఆనాడు చెప్పాను. తెచ్చి పెట్టమన్నది. మా పాత టేపురికార్డరు మోటారు తిరగటం లేదు. బాగుచేసేవాడి కోసం బెల్లంపల్లి బజారులో వాకబు చేస్తున్నాను.